కడుపులో ‘లేదు’ దాచుకున్న ఇంగ్లీషు మాటలు



వార్షికోత్సవ సంచికలో కవితలుంటాయి, జ్ఞాపకాలుంటాయి, ఫొటోలుంటాయి. వాటి మధ్య ఇంగ్లీషు పాఠం ఎందుకని కొందరు అనుకోవచ్చు. మన హాస్టళ్లలో చదివి బయటకు వెళ్లిన మాబోటి వాళ్లం నలుగురం ఎక్కడ కలిసినా, చివరికి మాట ఇంగ్లీషు దగ్గరికే వచ్చి ఆగుతుంది. లెక్కల్లో, సైన్సులో ఎవరికీ తీసిపోని మనవాళ్లు ఒక చిన్న ఇంగ్లీషు మాట దగ్గర తడబడి మంచి అవకాశాలు పోగొట్టుకోవడం మేము చూస్తూనే ఉన్నాం. అందుకే ఈ నాలుగు పేజీలు. దయచేసి పెన్సిలు చేత పట్టుకుని చదవండి. చివర అభ్యాసం కూడా ఉంది.

ఈసారి మేము తీసుకున్నది చాలా చిన్న విషయం. నిజానికి ఇది చిన్నదనం గురించిన విషయమే. ‘చాలా తక్కువ’, ‘చాలా అరుదు’, ‘ఉందంటే ఉంది, లేదంటే లేదు’ అని చెప్పడానికి ఇంగ్లీషులో కొన్ని క్రియావిశేషణాలు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి ఐదు: హార్డ్లీ, స్కేర్స్లీ, బేర్లీ, రేర్లీ, సెల్డమ్. వీటికి తోడు పత్రికల్లోనూ సైన్సు పుస్తకాల్లోనూ కనబడే ఆరో మాట వానిషింగ్లీ. పదో తరగతి పరీక్ష మొదలుకొని బ్యాంకు, రైల్వే, గ్రూప్స్ పరీక్షల దాకా తప్పులు దిద్దమనే ప్రశ్నల్లో ఈ మాటలు తరచుగా కనబడతాయి. ఇంటర్వ్యూలో, అర్జీలో, మందుల చీటీలో కూడా ఎదురవుతాయి.

1. ముందు మన తెలుగు సంగతి

ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు తెలుగును పక్కన పెట్టాలని కొందరు అంటారు. మేము ఒప్పుకోం. మన తప్పు ఎక్కడ పుడుతుందో తెలియాలంటే ముందు మన మాటనే చూసుకోవాలి.

ఒక మనిషి చాలా అరుదుగా ఊరికి వస్తాడనుకోండి. తెలుగులో దీన్ని రెండు రకాలుగా చెప్పుకుంటాం.

(అ) వాడు అమావాస్యకో పున్నానికో వస్తాడు.
(ఆ) వాడు ఎప్పుడో గానీ రాడు.

రెండింటి భావం ఒక్కటే. మొదటి వాక్యంలో క్రియ ‘వస్తాడు’, రెండో వాక్యంలో క్రియ ‘రాడు’. అంటే తక్కువదనాన్ని చెప్పేటప్పుడు తెలుగు క్రియకు వ్యతిరేక రూపం తొడగవచ్చు, తొడగకపోవచ్చు. మనం రోజూ మాట్లాడేటప్పుడు రెండో రకమే ఎక్కువగా వాడతాం. ‘డబ్బాలో పంచదార పిసరంత కూడా లేదు’, ‘నూటికో కోటికో ఒకరికి గానీ రాదు’, ‘పిలిస్తే గానీ పలకడు’ - ఇలా ‘లేదు, రాదు, పలకడు’ అని ముగిస్తాం.

ఇంగ్లీషులో హార్డ్లీ మొదలైన ఐదు మాటలకు ఈ వెసులుబాటు లేదు. ‘లేదు’ అనే భావం ఆ మాట కడుపులోనే ఉంటుంది. కాబట్టి క్రియ దగ్గర మళ్లీ ‘నాట్’ రాకూడదు. ‘వాడు ఎప్పుడో గానీ రాడు’ అనే వాక్యాన్ని మనసులో పెట్టుకుని, ‘రాడు’ ఉంది కదా అని ‘హి డజంట్ రేర్లీ కమ్’ అంటే తప్పు. ‘హి రేర్లీ కమ్స్’ అనాలి.

ఈ పాఠం మొత్తంలో గుర్తుపెట్టుకోవలసిన సూత్రం ఇది ఒక్కటే: ఈ ఐదు మాటల్లో ఏదైనా వాక్యంలో ఉంటే ఆ వాక్యం పైకి ‘ఔను’లా కనబడుతుంది, లోపల మాత్రం ‘కాదు’. మిగతా నియమాలన్నీ దీని నుంచి పుట్టినవే.

2. హార్డ్ వేరు, హార్డ్లీ వేరు

ఇంటర్వ్యూలో ఒక అభ్యర్థిని ‘నీలో ఉన్న మంచి గుణం ఏమిటి?’ అని అడిగారనుకోండి. ‘నేను కష్టపడి పనిచేస్తాను’ అని చెప్పాలని అతని కోరిక. ‘స్లో’కు ‘స్లోలీ’, ‘క్విక్’కు ‘క్విక్లీ’ అని చదువుకున్నాడు కాబట్టి ‘హార్డ్’కు ‘హార్డ్లీ’ అనుకుని ‘ఐ హార్డ్లీ వర్క్’ అన్నాడు. అటు కూర్చున్న వాళ్లకు వినబడింది: ‘నేను పని చేయనంటే చేయను అన్నట్టే’. పాపం, చెప్పదలచుకున్నదానికి నేరుగా ఎదురు అర్థం!

‘హార్డ్’ అనే మాట విశేషణంగానూ, క్రియావిశేషణంగానూ మార్పు లేకుండా పనిచేస్తుంది.

‘షి వర్క్స్ హార్డ్’ - ఆమె కష్టపడి పనిచేస్తుంది.
‘షి హార్డ్లీ వర్క్స్’ - ఆమె దాదాపు పనే చేయదు.

స్థానం కూడా గమనించండి. ‘హార్డ్’ క్రియ తర్వాత వస్తుంది. ‘హార్డ్లీ’ క్రియకు ముందు వస్తుంది.

మరి ‘కష్టం’ అనే మాట నుంచి ‘దాదాపు లేదు’ అనే అర్థం ఎలా పుట్టింది? ఒకప్పుడు హార్డ్లీకి ‘కష్టం మీద’ అనే అర్థం కూడా ఉండేది. కష్టం మీద జరిగేది ఎప్పుడో గానీ జరగదు కదా! క్రమంగా ఆ అర్థమే స్థిరపడింది. ఇందులో మనకు వింత ఏమీ లేదు. ‘మీటింగుకు ఎంతమంది వచ్చారు?’ అంటే ‘కష్టమ్మీద పది మంది ఉంటారు’ అని మనమూ అంటాం. అదే ఇంగ్లీషులో ‘దేర్ వర్ హార్డ్లీ టెన్ పీపుల్’. కష్టమ్మీద అన్న మాటను తలుచుకుంటే హార్డ్లీని ఇక మరిచిపోరు.

ఇలాంటి జంటలు ఇంకొన్ని ఉన్నాయి. ‘లేట్’ అంటే ఆలస్యంగా, ‘లేట్లీ’ అంటే ఈ మధ్య. ‘నియర్’ అంటే దగ్గర, ‘నియర్లీ’ అంటే దాదాపు. వీటిని కూడా నోట్సులో రాసుకోండి.

హార్డ్లీ పక్కన తరచుగా వచ్చే మాటలు ఇవి:

‘హార్డ్లీ ఎనీ’ - దాదాపు ఏమీ లేదు. ‘దేర్ ఈజ్ హార్డ్లీ ఎనీ ఆయిల్’ - నూనె దాదాపు లేదు.
‘హార్డ్లీ ఎనీబడీ’ - దాదాపు ఎవరూ లేరు.
‘హార్డ్లీ ఎవర్’ - దాదాపు ఎప్పుడూ జరగదు.

ఇక్కడ ‘నో’, ‘నోబడీ’, ‘నెవర్’ రాకూడదు. ‘హార్డ్లీ నోబడీ’ అంటే ఒకే వరలో రెండు కత్తులు పెట్టినట్టు.

హార్డ్లీకి ఇంకో మర్యాదైన వాడుక ఉంది. ‘ఇట్ ఈజ్ హార్డ్లీ ఫెయిర్’ అంటే ‘ఇది న్యాయం కాదు’ అని మెత్తగా చెప్పడం. ‘ఇది న్యాయమనిపించుకోదండీ’ అన్నట్టు ఉంటుంది. పెద్దలతో విభేదించవలసి వచ్చినప్పుడు పనికొస్తుంది.

3. బేర్లీ, స్కేర్స్లీ

‘బేర్’ అంటే వట్టి, బోసి. బేర్లీ అంటే ‘సరిగ్గా అంతవరకే, పైన ఏమీ మిగలకుండా’ అని. పరీక్షలో 35 మార్కులకు పాస్ అనుకుంటే, 35 తెచ్చుకున్న వాడి గురించి ఏమంటాం? అత్తెసరు మార్కులతో గట్టెక్కాడంటాం. అదే ‘హి బేర్లీ పాస్డ్’.

ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. ‘హి బేర్లీ పాస్డ్’ అన్నప్పుడు అతను పాసయ్యాడు. గీత దాటాడు, కానీ వెంట్రుకవాసిలో దాటాడు. ‘హి హార్డ్లీ స్టడీడ్’ అన్నప్పుడు అతను దాదాపు చదవలేదు. బేర్లీ చూపు గీత దాటడం మీద ఉంటుంది, హార్డ్లీ చూపు కొరత మీద ఉంటుంది. చాలాచోట్ల ఒకదాని బదులు ఒకటి వాడినా తప్పు కాదు. కానీ ‘సరిపోయీ సరిపోనట్టు ఉంది’ అని చెప్పాలంటే ‘బేర్లీ ఇనఫ్’ అన్నదే చక్కని మాట.

‘స్కేర్స్’ అంటే కొరతగా ఉన్నది. స్కేర్స్లీ అర్థంలో హార్డ్లీకి అన్నదమ్ముడే. కాస్త పుస్తకాల భాష. మాట్లాడేటప్పుడు హార్డ్లీ చాలు. చదివేటప్పుడు స్కేర్స్లీ ఎదురైతే కంగారు పడకండి.

4. రేర్లీ, సెల్డమ్

ఈ రెండూ ఎన్నిసార్లు అన్నదానికి జవాబులు. వీటి చోటు తెలియాలంటే మెట్ల వరసగా చూడాలి. పైమెట్టు నుంచి కిందికి దిగుదాం:

ఆల్వేస్ - ఎప్పుడూ
యూజువల్లీ - మామూలుగా
ఆఫెన్ - తరచుగా
సమ్‌టైమ్స్ - అప్పుడప్పుడు
రేర్లీ, సెల్డమ్ - అరుదుగా
హార్డ్లీ ఎవర్ - దాదాపు ఎప్పుడూ కాదు
నెవర్ - ఎన్నడూ కాదు

రేర్లీ, సెల్డమ్ ఒకే మెట్టు మీద ఉన్నాయి. సెల్డమ్ కొంచెం పాతకాలపు మాట, రాతలో ఎక్కువ. దీని చివర ‘లీ’ చేర్చి ‘సెల్డమ్లీ’ అనకండి. ఆ మాట దానంతట అదే క్రియావిశేషణం.

వీటిని ఎక్కడ పెట్టాలి? మూడు చోట్లు గుర్తుంచుకుంటే చాలు.

ముఖ్య క్రియకు ముందు: ‘షి రేర్లీ ఈట్స్ మీట్’.
‘ఈజ్, ఆర్, వాజ్’ తర్వాత: ‘హి ఈజ్ సెల్డమ్ లేట్’.
సహాయక క్రియకూ ముఖ్య క్రియకూ మధ్య: ‘ఐ హావ్ రేర్లీ సీన్ హిమ్’.

పరీక్షల్లో పదే పదే అడిగే ఒక తప్పు ఉంది. ‘సెల్డమ్ ఆర్ ఎవర్’ అని ఇచ్చి దిద్దమంటారు. ‘అరుదుగానో, ఎప్పుడైనానో’ అంటే అర్థం కుదరదు. ‘సెల్డమ్ ఆర్ నెవర్’ అనాలి, అంటే అరుదుగానో, అసలే కాదో. లేదా ‘సెల్డమ్, ఇఫ్ ఎవర్’ అనాలి, అంటే ఎప్పుడైనా జరిగితే అరుదుగానే.

5. పరీక్షలో ఉచ్చు పన్నే మూడు చోట్లు

మొదటిది, కొశ్చన్ ట్యాగ్. వాక్యం ‘ఔను’ అయితే ట్యాగ్ ‘కాదా?’ అని, వాక్యం ‘కాదు’ అయితే ట్యాగ్ ‘ఔనా?’ అని వస్తుందని చదువుకున్నాం. ‘షి హార్డ్లీ స్పీక్స్’ అనే వాక్యంలో ‘నాట్’ కనబడదు కాబట్టి చాలామంది ‘డజంట్ షి?’ అని రాసి మార్కు పోగొట్టుకుంటారు. కడుపులో ‘లేదు’ ఉందని చెప్పుకున్నాం కదా! కాబట్టి ‘షి హార్డ్లీ స్పీక్స్, డజ్ షి?’ అన్నది సరైనది.

రెండోది, వాక్యం మొదట్లో ఈ మాట రావడం. ‘రేర్లీ’తో వాక్యం మొదలుపెడితే ఆ తర్వాతి వరస ప్రశ్నావాక్యంలో ఉన్నట్టు తిరగబడుతుంది. ‘వి రేర్లీ సీ సచ్ రెయిన్’ అన్నదాన్ని ‘రేర్లీ డు వి సీ సచ్ రెయిన్’ అనాలి. ‘నెవర్’తో మొదలుపెట్టినా ఇదే పద్ధతి. ఇవన్నీ ఒకే కుటుంబం.

మూడోది, ‘హార్డ్లీ... వెన్’. ఒక పని అయ్యీ కాకముందే ఇంకో పని జరిగిందని చెప్పే వాక్యం. ‘హార్డ్లీ హాడ్ వి రీచ్డ్ ద స్టేషన్ వెన్ ద ట్రెయిన్ లెఫ్ట్’. దీనికి తెలుగు ఏమిటి? ‘మేం స్టేషన్ చేరామో లేదో, రైలు కదిలింది’. చూశారా, తెలుగులో కూడా ‘లేదో’ అనే మాట వచ్చి కూర్చుంది! ‘చేరామో లేదో’ అన్నంత మాత్రాన చేరలేదని కాదు. చేరాం, కానీ చేరడానికీ చేరకపోవడానికీ మధ్య రెప్పపాటే తేడా. ఈ ‘-ఆమో లేదో’ వాక్యం వినబడినప్పుడల్లా ‘హార్డ్లీ హాడ్... వెన్’ గుర్తు చేసుకోండి. ఒక జాగ్రత్త: హార్డ్లీకీ, స్కేర్స్లీకీ జత ‘వెన్’. ‘నో సూనర్’కు జత ‘దాన్’. ఈ జతలను తారుమారు చేసే ప్రశ్నలు చాలా వస్తాయి.

ఈ కుటుంబానికి దగ్గరి చుట్టాలు ‘ఫ్యూ’, ‘లిటిల్’. ‘ఎ ఫ్యూ’ అంటే కొందరున్నారని తృప్తి. ‘ఎ’ తీసేసి వట్టి ‘ఫ్యూ’ అంటే దాదాపు ఎవరూ లేరని లోటు. ‘లిటిల్’ కూడా అంతే. ఒక్క అక్షరం పోతే ‘కాస్త ఉంది’ కాస్తా ‘లేనట్టే’ అయిపోతుంది.

6. వానిషింగ్లీ: మాయమయ్యేటంత చిన్నది

‘వానిష్’ అంటే మాయమవడం. వానిషింగ్లీ అంటే ‘ఇంకాస్త తగ్గితే మాయమైపోతుందేమో అన్నంతగా’ అని. గణితంలో ఒక రాశి తగ్గుతూ తగ్గుతూ సున్నా వైపు జరగడాన్ని చెప్పేటప్పుడు ఈ మాట వాడతారు. మన ఆవగింజంత, రవ్వంత, నలుసంత అన్నవి కంటికి కనబడేవి. వానిషింగ్లీ స్మాల్ అన్నది కంటికి ఆనదు, లెక్కకు మాత్రమే దొరుకుతుంది.

దీని వాడుక నియమాలు మూడు.

ఒకటి: ఇది క్రియకు ముందు రాదు, విశేషణానికి ముందు వస్తుంది. అది కూడా ‘స్మాల్, రేర్, ఫ్యూ, లో’ వంటి తక్కువదనం చెప్పే మాటలకు ముందే. ‘వానిషింగ్లీ రేర్’ అనవచ్చు, ‘వానిషింగ్లీ బిగ్’ అనకూడదు.

రెండు: దీని కడుపులో ‘లేదు’ లేదు! పై ఐదింటికీ దీనికీ ఇదే ముఖ్యమైన తేడా. కాబట్టి ట్యాగ్ మామూలుగానే వస్తుంది: ‘ద చాన్స్ ఈజ్ వానిషింగ్లీ స్మాల్, ఈజంట్ ఇట్?’

మూడు: నిజంగా అంత చిన్నదైతేనే వాడాలి. నూటికి ఒకటి ఉన్న అవకాశాన్ని ‘స్మాల్’ అంటే చాలు. దానికి వానిషింగ్లీ తగిలిస్తే చీమకు ఏనుగు అంబారీ కట్టినట్టే.

మరి ఎంత చిన్నదైతే వాడవచ్చు? మనకు బాగా తెలిసిన బిట్లతోనే లెక్క వేద్దాం. ఒక్కో బిట్టుకు నాలుగు జవాబులు, ఒకటే సరైనది. ఏమీ చదవకుండా, కళ్లు మూసుకుని గీతలు పెట్టామనుకోండి.

1 బిట్టు సరి అయ్యే అవకాశం: 4లో 1.
2 బిట్లూ సరి అయ్యే అవకాశం: 16లో 1.
5 బిట్లూ సరి అయ్యే అవకాశం: 1,024లో 1.
10 బిట్లూ సరి అయ్యే అవకాశం: 10,48,576లో 1.

అంటే పది లక్షలకు పైగా పిల్లలు ఇలా గుడ్డిగా రాస్తే సగటున ఒక్కరికి పదికి పది వస్తాయి. ఇక 20 బిట్లయితే? లక్షా తొమ్మిది వేల కోట్లకు పైగా సంఖ్యలో 1. ప్రపంచ జనాభా 2022లో 800 కోట్లు దాటింది. వాళ్లందరూ తలా ఒకసారి గుడ్డిగా రాసినా, ఒక్కరికైనా 20కి 20 వచ్చే అవకాశం నూటికి ఒక పాలు కూడా ఉండదు. ఇదీ వానిషింగ్లీ స్మాల్ అంటే. అయినా అది సున్నా మాత్రం కాదు. గుడ్డి గీతల మీద ఆశపెట్టుకున్న వాళ్లు ఈ లెక్కను మరోసారి చూసుకోవాలని మా మనవి.

7. మాట వెనక లెక్క అడగండి

‘రేర్’ అనే మాట ఒక్కోచోట ఒక్కో కొలతతో ఉంటుంది. మందుల డబ్బాలో మడిచి పెట్టిన చీటీని ఎప్పుడైనా చదివారా? ఐరోపా దేశాల మందుల చీటీల్లో దుష్ఫలితాలను చెప్పడానికి ఒక కట్టుబాటు ఉంది. ‘రేర్’ అంటే ఆ మందు వాడిన 10,000 మందిలో 1 నుంచి 10 మంది దాకా కనబడేది. ‘వెరీ రేర్’ అంటే 10,000 మందిలో ఒకరికన్నా తక్కువగా కనబడేది. అక్కడ ఆ మాటకు కొలత ఉంది. కాబట్టి ‘రేర్’ అని చూసి భయపడి మందు మానేయనక్కర్లేదు. అలాగని ఆ లక్షణం కనబడినా పట్టించుకోకుండా ఉండనూకూడదు, డాక్టరుకు చెప్పాలి.

మామూలు మాటల్లో మాత్రం ఆ కొలత ఉండదు. అందుకే మనం రాసేటప్పుడు లెక్క జోడించాలి. హాస్టలులో నీళ్ల ఇబ్బంది గురించి అధికారులకు ఇంగ్లీషులో అర్జీ రాయాలని పరీక్షలో అడిగారనుకోండి. ‘దేర్ ఈజంట్ హార్డ్లీ నో వాటర్’ అని రాస్తే వాక్యమే దెబ్బతింటుంది. చదివేవారు నీళ్లున్నాయో లేవో తేల్చుకోలేరు. ఇలా రాయండి:

‘దేర్ ఈజ్ హార్డ్లీ ఎనీ వాటర్ ఆఫ్టర్ సెవెన్ ఇన్ ద మార్నింగ్. ఇట్ ఈజ్ బేర్లీ ఇనఫ్ ఫర్ కుకింగ్. ద ట్యాంకర్ రేర్లీ కమ్స్. ఇట్ కేమ్ ఓన్లీ ట్వైస్ లాస్ట్ మంత్.’

ఉదయం ఏడు దాటితే నీళ్లు దాదాపు ఉండవు, వంటకు సరిపోయీ సరిపోనట్టు ఉన్నాయి, ట్యాంకరు ఎప్పుడో గానీ రాదు, పోయిన నెల రెండుసార్లే వచ్చింది. ఈ నాలుగు వాక్యాల్లో చివరిదే బలమైనది. ‘రేర్లీ’ అంటే ‘ఎంత అరుదుగా?’ అని ఎదురు ప్రశ్న వేయవచ్చు. ‘పోయిన నెల రెండుసార్లు’ అంటే వేయడానికి ప్రశ్న ఉండదు.

8. రేర్లీ అంటే నెవర్ కాదు

మెట్ల వరసలో చివరి మెట్టు నెవర్. దాని పైన ఉన్న ప్రతి మెట్టుకూ, దానికీ మధ్య ఎంతో కొంత ఎడం ఉంది. వ్యాకరణంలో అది చిన్న విషయం. మన బతుకుల్లో చిన్నది కాదు.

‘చిల్డ్రన్ రేర్లీ క్లైమ్ ఎవరెస్ట్’ అనే వాక్యం చూడండి. పిల్లలు ఎవరెస్టు ఎక్కడం చాలా అరుదు. ఇది నిజమైన వాక్యం. 2014 మే 25న, నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. ఇద్దరూ అప్పటి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. పూర్ణ వయసు అప్పటికి 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికల్లో అందరికన్నా చిన్నది. ఆ తర్వాత 2022 నాటికి ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కింది.

ఆ మే 25కు ముందు రోజు పై వాక్యం నిజం. తర్వాతి రోజు కూడా నిజమే. పూర్ణ ఎక్కినందువల్ల అది అబద్ధం కాలేదు. ఎందుకంటే ‘రేర్లీ’ అనే మాటలో ఆమెకు మొదటి నుంచీ చోటు ఉంది. అదే ‘నెవర్’ అని రాసి ఉంటే చెరిపేయవలసి వచ్చేది.

‘హాస్టల్ పిల్లలు ఫలానా కాలేజీకి రేర్లీ వెళ్తారు’, ‘హార్డ్లీ ఎనీ’ అనే మాటలు మీకు వినబడతాయి. అలా విన్నప్పుడు రెండు పనులు చేయండి. మొదటిది, ఆ మాటను ‘నెవర్’గా అనువదించుకోకండి. అన్నవాళ్లు ‘రేర్లీ’ అంటే మనం ‘నెవర్’ అని వింటున్నాం, అక్కడే మనకు నష్టం. ‘హార్డ్లీ ఎనీ’లో ఉన్న ఆ కొద్దిమంది ఎవరో, ఏ ఊరివాళ్లో, ఎలా చదివారో వెతికి కనుక్కోండి. రెండోది, ఒక్క పూర్ణను చూపించి ‘ఇంకేం, అందరికీ దారి ఉంది’ అని ఎవరైనా అంటే దానికీ తల ఊపకండి. ఒకరు వెళ్లినంత మాత్రాన ‘రేర్లీ’ వెళ్లి ‘ఆఫెన్’ మెట్టు మీద కూర్చోదు. ఎంతమందిలో ఎంతమంది వెళ్లారు? మిగతావాళ్లకు పుస్తకాలు అందలేదా, కోచింగు అందలేదా, దరఖాస్తు గడువు సంగతే తెలియలేదా? ఆ ప్రశ్నలు అడగాలి. పూర్వ విద్యార్థులుగా మాకు కూడా ఇందులో బాధ్యత ఉంది. దరఖాస్తు తేదీలు నోటీసు బోర్డు మీద రాయించడం, పాత పుస్తకాలు తెచ్చి ఇవ్వడం వంటి పనులు మేము చేయగలం, చేయాలి కూడా.

9. అభ్యాసం

ఈ కింది వాక్యాల్లో తప్పులు దిద్దండి.

1. హి వన్ బికాజ్ హి ప్రాక్టీస్డ్ హార్డ్లీ.
2. వి కుడ్ నాట్ హార్డ్లీ హియర్ ద బెల్.
3. దేర్ ఈజ్ హార్డ్లీ నో రైస్ ఇన్ ద స్టోర్.
4. షి సెల్డమ్ కమ్స్ లేట్, డజంట్ షి?
5. రేర్లీ హి విజిట్స్ హిజ్ విలేజ్.
6. హార్డ్లీ హాడ్ ద రెయిన్ స్టాప్డ్ దాన్ వి వెంట్ అవుట్.
7. హి సెల్డమ్ ఆర్ ఎవర్ గెట్స్ యాంగ్రీ.
8. ద రిస్క్ ఈజ్ వానిషింగ్లీ స్మాల్, ఈజ్ ఇట్?

ఇంగ్లీషులోకి మార్చండి.

9. మేం బస్సు దిగామో లేదో వాన మొదలైంది.
10. వాడు అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు.

జవాబులు (ముందు మీరు రాసి, తర్వాత చూడండి)

1. హార్డ్లీ బదులు ‘హార్డ్’.
2. ‘నాట్’ తీసేయాలి: వి కుడ్ హార్డ్లీ హియర్ ద బెల్.
3. ‘నో’ బదులు ‘ఎనీ’.
4. డజ్ షి?
5. రేర్లీ డజ్ హి విజిట్ హిజ్ విలేజ్. లేదా, హి రేర్లీ విజిట్స్ హిజ్ విలేజ్.
6. ‘దాన్’ బదులు ‘వెన్’.
7. సెల్డమ్ ఆర్ నెవర్. లేదా, సెల్డమ్, ఇఫ్ ఎవర్.
8. ఈజంట్ ఇట్? (దీని కడుపులో ‘లేదు’ లేదు.)
9. హార్డ్లీ హాడ్ వి గాట్ ఆఫ్ ద బస్ వెన్ ఇట్ స్టార్టెడ్ రెయినింగ్.
10. హి బేర్లీ పాస్డ్.

పదికి ఎనిమిది సరి అయితే పాఠం పట్టుబడినట్టే. తక్కువ వస్తే మొదటి, ఐదో భాగాలు మళ్లీ చదవండి. పెద్ద తరగతుల వాళ్లు సాయంత్రం స్టడీ అవర్లో చిన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఈ పది వాక్యాలూ చేయించండి. ఒకసారి ఎదుటివాళ్లకు చెబితే మీకు కూడా గట్టిపడుతుంది.